గేటు కెమెరాకి పట్టిన సాలెగూడు

బాబాయి పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను మా వీధి గేటు దగ్గర స్టూలెక్కి, కెమెరాకి పట్టిన సాలెగూడు దులుపుతున్నాను. పొద్దున్న తొమ్మిదయి ఉంటుంది. డ్యూటీలకి పోయేవాళ్లు పోయారు, వీధి ఖాళీగా ఉంది. ఫోను మోగితే ఒక చేతిలో బ్రష్షు పట్టుకునే ఎత్తాను. వాళ్లమ్మాయి. "అక్కా, పాపా నహీ రహే," అంది. ఆ పిల్ల ఎప్పుడూ హిందీలోనే మాట్లాడుతుంది, నేను తెలుగులోనే జవాబిస్తాను. స్టూలు దిగడానికి కూరగాయల బండివాణ్ని చెయ్యి అడగాల్సి వచ్చింది.

ఆయన నాకు వరసకే బాబాయి. మా రెండు కుటుంబాలూ విజయనగరం వైపు నుంచి తాతల కాలంలో ఈ జంషెడ్‌పూర్ వచ్చినవే. మేము గుడికి పోతాం, వాళ్లు చర్చికి పోతారు. మధ్యలో గోడ ఒక్కటే. బాబాయి కంపెనీలో మీటర్లూ సెన్సర్లూ బాగుచేసే పనిలో ముప్పై ఏళ్లకు పైగా ఉండి రిటైరయ్యాడు. క్వార్టరు ఖాళీ చేసి, టెల్కో కాలనీ దాటాక ఉన్న మా బస్తీలో ఇల్లు కట్టుకున్నాడు. ఊరికే కూర్చునే మనిషి కాదు. మార్కెట్లో ఒక చిన్న కొట్టు తీసుకుని, ఇళ్లకీ దుకాణాలకీ సీసీ కెమెరాలు బిగించడం మొదలుపెట్టాడు.

నేను ఆ పనిలోకి చేరడం కూడా ఒక వింతే. మా ఆయనది కాంట్రాక్టు పని, ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. నేను ఒక జిరాక్సు కొట్లో టైపింగ్ చేసేదాన్ని. ఒకరోజు మా కొట్టు ముందే బాబాయి నిచ్చెన ఎక్కి కెమెరా బిగిస్తున్నాడు. కింద తెర చూసి చెప్పడానికి ఎవరూ లేరు. దిగడం, చూడడం, మళ్లీ ఎక్కడం. అరవై ఏళ్ల మనిషి. నాలుగోసారి నా వైపు చూసి, "అమ్మీ, ఒక్కపాలి ఈ తెర సూసి సెప్పు. పైకా, కిందకా?" అన్నాడు. ఆ ఒక్కపాలి ఏడేళ్లు సాగింది.

నేను నోరున్న మనిషిని. ఈ మాట నా గురించి ఇతరులు చెప్పేలోగా నేనే చెప్పేస్తున్నాను. గ్యాసు బండివాడు మా గుమ్మం దగ్గర నెమ్మదిగా మాట్లాడతాడు. వీధి కమిటీ మీటింగుల్లో నేను లేచానంటే సెక్రటరీగారు నీళ్లు తాగుతారు. బాబాయి నవ్వేవాడు. "నీ నోరుంటే నాకు మైకెందుకే, నిచ్చెన మీదకి బెమ్మాండంగా ఇనిపిత్తంది," అనేవాడు. అలాంటి నోరు, తెరవాల్సిన ఒక్క మాటకి నాలుగేళ్లు తెరుచుకోలేదు. తెలుగు సంఘం వాళ్లు ఆయన మీద వేసే చిన్న పుస్తకానికి రెండు పేజీలు రాయమంటే ఒప్పుకున్నది అందుకే. ఆయన మంచితనం చెప్పడానికి చాలామంది ఉన్నారు. నేను చెప్పాల్సింది వేరే ఉంది.

ముందు ఆయన పని గురించి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు.

కెమెరా కొన్నవాళ్లందరూ బిగించగానే ఒకే పని చేస్తారు. దాని ముందు నిలబడి, చెయ్యి ఊపి, తెరలో తమ ముఖం చూసుకుని మురిసిపోతారు. బొమ్మ తళతళలాడుతూ ఉంటే చాలు. బిగించేవాళ్లు కూడా అలాగే చూపించి వెళ్లిపోతారు. బాబాయికి అది ఒళ్లు మంట. "ఆగినోడ్ని ఎవడైనా తీత్తాడు. దొంగ నీ కోసం ఆగుతాడేటి?" అనేవాడు.

ఆయన నాకు మొదటివారమే చెప్పిన పాఠం ఇది. కెమెరా ప్రతి బొమ్మకీ ఒక్కసారి కన్ను తెరిచి మూస్తుంది. ఎంతసేపు తెరిచి ఉంచుతుందో దాన్నే షట్టర్ అంటారు. వెలుగు తగ్గినకొద్దీ, మనం ఆటో మీద వదిలేస్తే, అది కన్ను ఎక్కువసేపు తెరిచి ఉంచి వెలుగు పోగుచేసుకుంటుంది. బొమ్మ పట్టపగల్లా వస్తుంది. కానీ కన్ను తెరిచి ఉన్నంతసేపూ బండి కదిలిపోతూనే ఉంటుంది కదా. అందుకని గోడలు, చెట్లు, నిలబడ్డ మనుషులు చక్కగా వస్తారు, పోతున్న బండి మాత్రం తడిచేత్తో తుడిచిన ముగ్గులా వస్తుంది. నంబరు ఉన్నచోట ఒక తెల్లచార ఉంటుంది. షట్టర్‌ని మనమే బిగించి, సెకనులో వెయ్యో వంతుకో, అయిదువందలో వంతుకో పెడితే నంబరు అక్షరం అక్షరం నిలబడుతుంది. చుట్టూ ఉన్నదంతా చీకటైపోతుంది.

"నంబరు కావాలా, వీధి అందం కావాలా? రెండూ ఒక్క కంటితో అడిగితే రెండూ పోతాయి," అని కస్టమర్ ముఖం మీదే అనేవాడు. అగ్రికో కాలనీలో ఒకాయన ఇంటి ముందు ఈ మాట మీద గంటసేపు గొడవైంది. ఆయన నాలుగు కెమెరాలు కొని, నాలుగూ వెలుగుగా ఉండాలన్నాడు. బాబాయి నిచ్చెన మడిచి భుజాన వేసుకుని బయల్దేరాడు. చివరికి ఆయనే వెనక్కి పిలిచి, ఒకటి ముఖాలకి, ఒకటి నంబర్లకి పెట్టించుకున్నాడు.

ఇంకో పట్టుదల కూడా ఉండేది. కెమెరాని బండి ఎదురుగా వచ్చేచోట పెట్టాలి. అడ్డంగా పోయేచోట పెడితే ఎంత మంచి కెమెరా అయినా గీతలే. స్తంభం కోసం ఎండలో ఈ చివర నుంచి ఆ చివరకి నడిచేవాడు. ఇంటివాళ్లు విసుక్కునేవాళ్లు. ఆయనకి చెవుడో, పట్టించుకోడో ఇప్పటికీ తెలియదు.

ఇక పరీక్ష. ప్రతి కొత్త కెమెరాకీ పరీక్ష ఉండాల్సిందే. ఆయన పాత స్కూటర్ నేను తీసుకుని, దాని ముందు మూడుసార్లు పోవాలి. ఒకసారి మెల్లగా, ఒకసారి మామూలుగా, ఒకసారి కమిటీ వాళ్లు తిట్టేంత జోరుగా. ఆయన తెర ముందు కూర్చుని నంబరు బిగ్గరగా చదివేవాడు, ఏదో మొదటిసారి చూస్తున్నట్టు. చదవగలిగితేనే పని అయినట్టు. ఒక అంకె తేడా పడినా, ఎనిమిదిని మూడు అన్నా, మళ్లీ నిచ్చెన. సొంత స్కూటర్ నంబరు నోటికి రాదా అని నేనంటే, "నాకు తెలిసింది సదివితే పరీచ్చ ఏటవుతాది అమ్మీ, అందులో కనిపించిందే సదవాల," అనేవాడు.

మా వీధి గేటు కెమెరా ఆయన చేతులతో పెట్టిందే. వీధిలో ఒక మోటారు సైకిలు దొంగలెత్తుకుపోయాక కమిటీ వాళ్లు పెట్టించారు. అది నంబర్ల కెమెరా. సాయంత్రం అయ్యేసరికి వీధి చీకటిగా, బండ్ల నంబర్లు మాత్రం తెల్లగా కనిపించేవి. కమిటీ వాళ్ల ఫోన్లలో ఆ బొమ్మ వచ్చేది. రోజూ ఫిర్యాదే. "ఇంత పెట్టి చీకటి కొన్నామా?" అని. బాబాయి వినేవాడు కాదు.

పిన్ని గురించి చెప్పాలి ఇక్కడ. ఆమె రోజూ సాయంత్రం చర్చికో, కూరలకో ఆ గేటు దాటేది. దాటే ముందు కెమెరా కింద ఆగి పైకి చూసేది. కొట్లో బాబాయి తెరలో ఆమె కనిపిస్తుంది కదా. తిరిగి వచ్చేటప్పుడు సంచి ఎత్తి చూపించేది, ఇదిగో ఈ పూట బెండకాయలని. "ఇంట్లో ఉంటే నా మొకం సూడ్డు. టీవీలో వత్తేనే సూత్తాడు మీ బాబాయి," అని నాతో అనేది. బాబాయి తెర వైపు చూసి, "చీకట్లో ఏటీ కనపడ్డం నేదే, ఎవరో ముసిల్ది," అనేవాడు. అని, ఆమె తెర దాటేదాకా చూసేవాడు.

నాలుగేళ్ల కిందట వానాకాలంలో బాబాయి వాళ్లన్నగారు పోయారని కబురొస్తే విజయనగరం వెళ్లాడు. కొట్టు నాకు అప్పగించాడు. ఆయన రైలెక్కిన రెండోరోజు సాయంత్రం కమిటీ సెక్రటరీగారు కొట్టుకే వచ్చారు. ముసురు. తెరలో వీధి నల్లగా ఉంది. "చూడమ్మా, నీకు పని వచ్చంటారు. ఇది కాస్త వెలుగు చెయ్యలేవా? ఆయన మొండి. నువ్వు తెలివైనదానివి," అన్నారు.

తెలివైనదానివి. ఆ ఒక్కమాటకి పడిపోయాను. నా ఫోన్లోంచే షట్టర్‌ని ఆటో మీద పెట్టాను. రెండు క్షణాల్లో వీధి వీధంతా వెలిగిపోయింది. ఆకులు కూడా లెక్కపెట్టొచ్చు. కమిటీ గ్రూపులో అందరూ మెచ్చుకున్నారు. ఒకాయన దండం బొమ్మ పెట్టాడు. బాబాయి వచ్చేలోగా మళ్లీ మార్చేద్దాం అనుకున్నాను. మురిసిపోతూ ఇంటికి పోయాను.

మర్నాడు సాయంత్రం, వానలో, గేటు దాటి పది అడుగులు వేశాక పిన్నిని ఒక పికప్ బండి గుద్దేసి పోయింది. కెమెరాకి అందని మలుపులో పడిపోయింది ఆమె. బండి మాత్రం కెమెరా ముందు నుంచే పోయింది.

బాబాయి దొరికిన రైలు పట్టుకుని వచ్చాడు. పిన్నికి స్పృహ లేదు. ఆయన వచ్చిన రోజే మధ్యాహ్నం పోయింది. మంచం పక్కన ఆయన మాట్లాడాడు గానీ ఆమె మాట్లాడలేదు.

సమాధి అయిన మర్నాడు పోలీసాయన కొట్టుకి వచ్చాడు. బాబాయి, కెమెరా బొమ్మలు దాచే రికార్డర్ ముందు కూర్చున్నాడు. నేను వెనక నిలబడ్డాను. ఆయన ఒక్కో బొమ్మా ముందుకి జరుపుతూ పోయాడు. తెల్ల బండి. నంబరు ఉండాల్సిన చోట తెల్లచార. ముందుకి ఒక బొమ్మ, వెనక్కి ఒక బొమ్మ. అన్నిట్లోనూ చారే. ఈ ఊళ్లో పికప్ బండ్లలో సగం తెల్లవే.

పోలీసాయన విసుగ్గా, "క్యా మాస్టర్, అప్నే ఘర్ కా కెమెరా భీ ఐసా?" అన్నాడు. సొంతింటి కెమెరా కూడా ఇలాగేనా అని.

బాబాయి తల తిప్పలేదు. "సెట్టింగ్ మేరా హీ హై సార్. కరెంట్ గయా హోగా, ఆటో పే చలా గయా," అన్నాడు. సెట్టింగు నాదే, కరెంటు పోయి దానంతట అదే మారిపోయి ఉంటుంది అని.

నేను అప్పుడు చెప్పి ఉండొచ్చు. నోటి దాకా వచ్చింది. టీ తెస్తానని బయటకి పోయాను.

కరెంటు పోయిందని ఆయన నిజంగానే అనుకున్నాడని నన్ను నేను నమ్మించుకున్నాను. దాన్ని పట్టుకునే నాలుగేళ్లు వేలాడాను. కరెంటు పోతే ఆ సెట్టింగు పోదని నాకు తెలుసు. ఆ సంగతి నాకు నేర్పిందే ఆయన.

కొన్నాళ్లు ఆ చారని చదివించడానికి తిరిగాడు. సాక్చీ బజారులో ఒక కంప్యూటర్ కొట్టువాడు, కొత్త సాఫ్ట్‌వేర్ ఉంది, మసకని తేటగా చేస్తుందన్నాడు. చేశాడు కూడా. నంబరు ముత్యాల్లా వచ్చింది. పోలీసులు కనుక్కుంటే అది ఎక్కడో వేరే జిల్లాలో ఒక ట్రాక్టరుది. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ బాబాయి, "అది సూసింది కాదమ్మీ. అనుకున్నది. సూడనిది ఎవడు సదవగలడు?" అన్నాడు. ఆ తర్వాత ఎవరి దగ్గరకీ పోలేదు. కేసు మూసేశారు.

వీధిలో ఏమనుకున్నారో నాకు తెలుసు, నేనూ ఆ వీధిలోనే ఉన్నాను. పెద్ద కెమెరాల మాస్టారట, పెళ్లాన్ని గుద్దిన బండినే పట్టలేకపోయాడట. టీ కొట్టు దగ్గర ఒకడు ఈ మాట అంటే వాడి మీద ఇంతెత్తున లేచాను. వాడు నోరు మూసుకున్నాడు. వాణ్ని తిట్టాను గానీ నిజం చెప్పలేదు కదా. పని కూడా తగ్గింది. సొంత గేటునే సరిగా పెట్టుకోలేనివాడని ఇద్దరు ముగ్గురు వేరేవాళ్లని పిలుచుకున్నారు. కమిటీ సెక్రటరీగారికి నిజం తెలుసు. ఆయనా మాట్లాడలేదు. ఆయన్ని నేనేమీ అనలేను, నేను మాట్లాడితేనే కదా ఆయన్ని అడగగలిగేది.

ఆ ఏడాది బాబాయి వాళ్లమ్మాయి నాతో మాట్లాడడం మానేసింది. ఇక్కడే బడిలో టీచరు. గోడ మీంచి పలకరిస్తే లోపలికి పోయేది. తల్లి పోయిన దుఃఖం అనుకున్నాను. మళ్లీ తనే, ఒకరోజు, గిన్నెలో సేమ్యా తెచ్చి గోడ మీద పెట్టింది.

బాబాయి గేటు కెమెరాని మళ్లీ బిగించాడు. కమిటీ వెంటపడి అక్కడ ఒక దీపస్తంభం వేయించాడు. స్పీడ్ బ్రేకరు మాత్రం వాళ్లు వేస్తారని చూసి చూసి, ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక తనే సిమెంటు కలిపాడు. నేను నీళ్లు పోశాను. సరిగ్గా కెమెరా చూసేచోట వేశాడు. "బండి కాస్త ఆగితే నంబరూ దొరుకుతాది, మనిసీ దక్కుతాది," అన్నాడు. మోకాళ్ల మీద కూర్చుని తాపీతో నున్నగా చేస్తుంటే ఆయన వీపు చూస్తూ నిలబడ్డాను. చెబుదాం అనుకున్నాను. సిమెంటు ఆరిపోతుంది, నీళ్లు పొయ్యమన్నాడు. పోశాను.

ఇంకోసారి నది అవతల మాంగో వైపు పనికి పోతూ వంతెన మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. స్కూటరు నేను నడుపుతున్నాను, ఆయన వెనక. ఆయన ముఖం కనబడదు కాబట్టి ధైర్యం వచ్చింది. "బాబాయ్, ఆ గేటు కెమెరా సంగతి..." అన్నాను. నేను మిగతా మాట వెతుక్కుంటుంటే పక్కనుంచి ఆటో ఒకటి దూరింది. "ముందు సూడమ్మీ, ఆటో వత్తంది," అన్నాడు. ఆ ఆటోవాడికి మనసులో దండం పెట్టుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే, వంతెన దిగేదాకా ఆయన ఎదురుచూసి ఉంటాడు.

ఏడాది కిందట కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు ఆసుపత్రి. మనిషి సగమయ్యాడు. నిచ్చెన నేను ఎక్కడం మొదలుపెట్టాను, ఆయన కింద తెర ముందు కుర్చీలో కూర్చునేవాడు. స్కూటర్ పరీక్ష మాత్రం మానలేదు. గొంతు పోయినా నంబరు చదివేవాడు. నేను బండాపి దగ్గరకొచ్చి, ఒంగి వినాల్సి వచ్చేది.

పోవడానికి ముందురోజు సాయంత్రం ఆసుపత్రికి వెళ్లాను. బార్లీ నీళ్లు తీసుకెళ్లాను. రెండు గుక్కలు తాగాడు. వాళ్లమ్మాయి మందుల కోసం కిందకి పోయింది. గదిలో మేమిద్దరమే. ఆయన నా వైపు తల తిప్పాడు. "ఏటమ్మీ," అన్నాడు. "ఏటైనా సెప్తావా?"

అంత సూటిగా ఎప్పుడూ అడగలేదు. నేను గ్లాసు మూత పెట్టాను. తీశాను. మళ్లీ పెట్టాను.

"గేటు కెమెరాకి సాలెగూడు పట్టింది బాబాయ్," అన్నాను.

ఆయన కళ్లు మూసుకున్నాడు. కోపం లేదు ముఖంలో. "దులిపీ," అన్నాడు.

అదీ నాతో ఆయన ఆఖరి మాట. మర్నాడు పొద్దున్నే బ్రష్షు పట్టుకుని స్టూలెక్కింది అందుకే.

ఆయన పేరన పెట్టిన ఆదరణ కూడిక ప్రార్థనకి చర్చి నిండిపోయింది. పాస్టరుగారు నన్ను కూడా రెండు మాటలు చెప్పమన్నారు. మైకు దాకా పోయాను. ముందు వరసలో కమిటీ వాళ్లున్నారు. స్పీడ్ బ్రేకరు గురించి చెప్పి వచ్చేశాను. అందరూ బాగా చెప్పావన్నారు.

టీ గ్లాసులు కడిగే వంకతో వెనక్కి పోయాను. బాబాయి వాళ్లమ్మాయి అక్కడే ఉంది. కుళాయి కింద చేతులు పెట్టుకుని, ఆ పిల్ల వైపు చూడకుండా చెప్పేశాను. ఆ సెట్టింగు మార్చింది నేను. కరెంటు పోలేదు. సెక్రటరీ అడిగితే మార్చాను. ఒక్క రోజు ముందు.

ఆ పిల్ల గ్లాసు తుడుస్తూనే ఉంది. "పాపా కో పతా థా, అక్కా," అంది. నాన్నకి తెలుసు.

రికార్డర్‌లో ఒక పేజీ ఉంటుంది. ఎవరు, ఏ ఫోన్లోంచి, ఎన్ని గంటలకి ఏం మార్చారో అన్నీ అందులో పడతాయి. ఏడేళ్లలో బాబాయి నాకు ఆ పెట్టెలో ప్రతిదీ నేర్పాడు, ఆ ఒక్క పేజీ తప్ప. పోలీసాయన రాకముందే, సమాధి నుంచి వచ్చిన సాయంత్రమే ఆయన అది తెరిచి చూశాడట. నా ఫోను పేరు, టైము. కూతురు పక్కనే ఉంది. నాతో పోట్లాడడానికి చెప్పులేసుకుని బయల్దేరిందట. గుమ్మంలో ఆపాడు. "నువ్వు అడగొద్దు. తనే సెప్తాది," అన్నాడట. అంతవరకూ హిందీలో చెప్పి, ఆ నాలుగు ముక్కలూ మాత్రం ఆ పిల్ల తెలుగులోనే, వాళ్ల నాన్న యాసలోనే చెప్పింది. ఆయన నాలుగేళ్లు ఎదురుచూశాడు. ఆసుపత్రిలో అడిగాడు కూడా. నేను సాలెగూడు అన్నాను.

కుళాయి కట్టడం మర్చిపోయాను. ఆ పిల్లే కట్టింది.

కాబట్టి ఇది చదివే కమిటీవాళ్లూ, టీ కొట్టు దగ్గరివాళ్లూ, ఆయన్ని వదిలి వేరేవాళ్లని పిలుచుకున్నవాళ్లూ వినండి. ఆ రోజు గేటు కెమెరా సెట్టింగు ఆయనది కాదు. ఆయనది ఉండి ఉంటే నంబరు దొరికేది. మార్చింది నేను. పిన్నిని గుద్దినవాడు ఇవాళ్టికీ ఈ ఊళ్లో బండి నడుపుతున్నాడేమో తెలియదు. అందులో నా వంతు నాది. బతికున్నప్పుడు ఆయనకి చెప్పాల్సింది కాగితం మీద రాస్తున్నాను, సిగ్గుగానే ఉంది.

ఇంకొక్కటి. ఆ పిల్ల చేతులు తుడుచుకుని బాబాయి ఫోను తెచ్చింది. అందులో ఒక చిన్న వీడియో. ఆయన రోజూ చూసేవాడట, ఆసుపత్రిలో కూడా. ఆ సాయంత్రందే. పికప్ బండి తెరలోకి రాకముందే కత్తిరించేశాడు.

వాన పొడుగాటి దారాల్లా సాగి కనిపిస్తుంది. పక్కనుంచి పోతున్న సైకిలు మసక. గేటు వెలుగ్గా ఉంది, నేను పెట్టిన వెలుగే. పిన్ని నడుచుకుంటూ వస్తుంది, కాస్త చెదిరినట్టుగా. కెమెరా కిందకొచ్చి ఆగుతుంది. కొట్లో ఆయన లేడని తెలుసు, అయినా ఆగుతుంది. ముఖం కనబడాలని గొడుగు పక్కకి వంచుతుంది. నుదుటి మీద వాన చినుకులు, చెవి దగ్గర నెరిసిన జుట్టు, అన్నీ తేటగా ఉన్నాయి. పైకి చూస్తుంది. వీడియో అక్కడితో ఆగిపోతుంది.